గొల్లవీధి వాల్వు, అమెరికా పేపరు

పై అధికారి ఒకాయన పదిరోజుల అధ్యయన యాత్ర మీద అమెరికా వెళ్ళి, ఒక కాలేజీ గుమ్మంలో ఉచితంగా పంచుతున్న రంగుల కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకొచ్చాడు. యాత్ర మొత్తంలో ఆయన అధ్యయనం చేసింది ఆ ఒక్క కాగితమే కాబట్టి శ్రద్ధగానే చేశాడు. "అమెరికా ప్రభుత్వం, రాజకీయాలు చదివినవారు ప్రజాసేవా రంగంలో ఉద్యోగాలకు సిద్ధమవుతారు" అని అందులో అచ్చేసి ఉంది. తిరుగు విమానంలో ఆయన ఈ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మన రాష్ట్రంలో ప్రజాసేవలో ఉన్నవాళ్ళు ఇది చదవలేదు. అంటే వాళ్ళెవరూ సిద్ధంగా లేరు. సిద్ధంగా లేకుండానే లక్షలమంది ఏళ్ళ తరబడి జనానికి సేవ చేసేస్తున్నారు! పాపం, విమానం దిగేలోపే ఆయనకి చెమటలు పట్టేశాయి.

నెల తిరక్కుండా జీవో వచ్చింది. "ప్రజాసేవయందు ప్రవేశింపగోరువారును, ప్రవేశించినవారును, తమ ప్రవేశము క్రమబద్ధము కాగోరువారును, ఎల్లరును 'అమెరికా ప్రభుత్వము, రాజకీయములు' అను పత్రమునందు నూటికి నలభై మార్కులు విధిగా పొందవలెను. సిద్ధపడని సేవ సేవ కానేరదని ఇందుమూలముగా స్పష్టము చేయడమైనది."

ఆ జీవో మెట్టుమెట్టుకీ ఒక ముద్ర వేయించుకుంటూ దిగి దిగి, చివరికి సారిపేట మున్సిపాలిటీలో సువ్వారి అప్పలసూరి నెత్తిన పడింది.

అప్పలసూరి నీళ్ళ సెక్షన్లో వాల్వులు తిప్పేవాడు. టీ అక్షరంలా ఉండే నిలువెత్తు ఇనుప రాడ్డు భుజాన వేసుకుని, తెల్లారుజామున మూడో జోనులో తొమ్మిది గుంటల మూతలు లేపి, వీధివీధికీ నీళ్ళు వదిలి, మళ్ళీ వేళకి కట్టేసేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, ఇరవై రెండేళ్ళుగా రోజుకూలీ. ఎనిమిది వాల్వులు బుద్ధిమంతులు, ఎడమకి తిప్పితే తెరుచుకుంటాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు గొల్లవీధి వాల్వు ఒక్కటే కుడికి తిరగాలి. అదీ సరిగ్గా పదకొండున్నర చుట్లు. పన్నెండో చుట్టు తిప్పితే లోపల కాడ విరుగుతుంది. ఈ సంగతి ఏ ఫైల్లోనూ లేదు, అప్పలసూరి మణికట్టులో ఉంది.

మున్సిపాలిటీలో రెండు హాజరు పుస్తకాలుండేవి. కూలీలది నీలం అట్ట మస్టరు, బయట వరండాలో మేకుకి వేలాడేది. పర్మినెంటు వాళ్ళది ఎర్ర అట్ట రిజిస్టరు, సూపరింటెండెంటు గారి బల్ల మీద గాజుపలక కింద ఉండేది. ఆ డిసెంబరు ముప్పై ఒకటికి అప్పలసూరికి అరవై నిండుతాయి. ఆ లోపల పర్మినెంటయ్యి, ఎర్ర పుస్తకంలో ఒక్క రోజు సంతకం పెట్టినా చాలు, అతని తర్వాత భార్య నరసాయమ్మకి పింఛను వస్తుంది. పెట్టకపోతే ఏమీ రాదు. నరసాయమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి, పిల్లలు లేరు. అప్పలసూరి బతుకంతా ఇప్పుడా ఒక్క సంతకం మీదే నిలబడి ఉంది.

సూపరింటెండెంటు వడ్డాది విశ్వపతి గారు జీవో చదివి వినిపించారు.

"అది కాదు బాబూ," అన్నాడు అప్పలసూరి, "నాను ఏడో తరగతి. అమెరికా నాకెందుకు? గొల్లవీధి గొట్టం అమెరికా దాకా ఎల్దు కదా."

"అదే మన దౌర్భాగ్యం," అన్నారు విశ్వపతి గారు గాఢంగా. "గొట్టం వెళ్ళకపోవచ్చు. దృక్పథం వెళ్ళాలి."

మున్సిపల్ హైస్కూల్లో క్లాసులు మొదలయ్యాయి. చెప్పడానికి జిల్లా కేంద్రం నుంచి డాక్టర్ పరిమళరావు అనే లెక్చరర్ వచ్చేవాడు. ఆయన కూడా అమెరికా చూడలేదు. చూసినవాడికి పక్షపాతం ఏర్పడుతుందని ఆయన నమ్మకం. పొట్టి బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్న చెత్తబండి వాళ్ళకీ, దోమలమందు వాళ్ళకీ, పన్నుల గుమాస్తాలకీ ఆయన ఇలా మొదలుపెట్టాడు:

"ఉభయ సభల అనుమతి లేనిదే అచ్చట ఏ శాసనమూ వెలువడదు. ఏల? ఎవరైనా చెప్పగలరా?"

అప్పలసూరి లేచాడు.

"ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరూ ఊఁ అంటేగాని కూర మారదు కదండీ. అలగన్నమాట."

పరిమళరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో తన పాఠం ఒకడికి అర్థం కావడం ఆయనకి అదే మొదలు.

ఆ రోజు నుంచి అప్పలసూరి అమెరికాని పట్టుకుని వదల్లేదు. ఒక భుజాన రాడ్డు, చంకలో పుస్తకం. గొల్లవీధి కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టుకున్న ఆడవాళ్ళే అతనికి ప్రశ్నలడిగేవారు.

"సూరన్నా, సెనేటుకి ఎంతమందేటి?" అనేది పోలమ్మ. ఆ వీధిలో గొంతున్న మనిషి.

"వందమందమ్మా."

"ఓస్, అంతేనా! మా ఈధిలో బిందెలే అంతకన్నా ఎక్కువ. మరి ఆ రెండో సభకో?"

"నాలుగొందల ముప్పై అయిదు."

"ఓలమ్మో! అంతమందికీ కొళాయిలెన్నో!"

ఇంటి దగ్గర నరసాయమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ పాఠం ఒప్పజెప్పించుకునేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు, కానీ మొగుడు తడబడితే మొహం చూసి పట్టేసేది. "కాదు, నిన్న ఇలగ సెప్పలేదు నువ్వు. మల్లా సెప్పు," అనేది. ఆ వేసవి దాటేసరికి ఆవిడక్కూడా రాజ్యాంగం సగం వచ్చేసింది.

అంతటితో ఆగితే బాగానే ఉండేది. ఆగస్టులో ప్రాక్టికల్స్ అంటూ ఇంకో సర్క్యులర్ దిగింది. "అభ్యసించిన సూత్రములను ప్రతి సెక్షనునందును ఆచరణలో చూపవలెను. ఇందులకు ఇరువది ఐదు మార్కులు." విశ్వపతి గారు అప్పలసూరిని పిలిచి కుర్చీ వేయించారు. అది చూసి అప్పలసూరికి భయం వేసింది.

"నిజం చెప్పు. గొల్లవీధికి ఎన్ని గంటలకి నీళ్ళొదలాలో నిర్ణయించేదెవరు?"

"నానే బాబూ."

"వాల్వు తిప్పేదెవరు?"

"నానే."

"నీళ్ళు సరిగ్గా వచ్చాయో లేదో చూసి తీర్పు చెప్పేదెవరు?"

"నానే కదా. ఇంకెవులున్నారు?"

విశ్వపతి గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. "శాసనం నువ్వే, అమలు నువ్వే, న్యాయస్థానం నువ్వే. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరికి ఒక నియంత నీళ్ళు వదులుతున్నాడయ్యా! ఎవరూ గమనించలేదు. వేళకి నీళ్ళొస్తుంటే జనం ఇలాంటివి గమనించరు."

అప్పలసూరి సిగ్గుతో తల వంచుకున్నాడు. తను ఇంత ఘోరం చేస్తున్నట్టు అతనికి నిజంగానే తెలీదు.

మర్నాటి నుంచి అధికారాలు విడిపోయాయి. ఏ వీధికి ఎప్పుడు నీళ్ళో తీర్మానించేది పన్నుల సెక్షను. సరేనని సంతకం పెట్టేదో, తిప్పికొట్టేదో కమిషనర్ గారు. తిప్పేది అప్పలసూరి. తిప్పడం రాజ్యాంగబద్ధమో కాదో చూసేది జనన మరణాల సెక్షను, ఎందుకంటే ఊళ్ళో ఎవరితోనూ సంబంధం లేకుండా నిష్పక్షపాతంగా ఉన్నది వాళ్ళొక్కళ్ళే. తీర్మానం పదింటికి ఆఫీసు తెరిచాక మొదలై, సాయంత్రం నాలుగింటికి వాల్వు దగ్గరికి వచ్చేది. అప్పటికి పైన ట్యాంకులో నీళ్ళుండేవి కావు. అయినా అప్పలసూరి వాల్వు తిప్పి, వచ్చిన గాలిని నమోదు చేసేవాడు.

తర్వాత ఎన్నికల పాఠం అమల్లోకి వచ్చింది. జోనులో ఏ వీధికి ముందు నీళ్ళివ్వాలో జనమే ఓటు వేసి చెప్పాలన్నారు. బజారు వీధికి రెండువందల పన్నెండు ఓట్లు పడ్డాయి, గొల్లవీధికి రెండువందల తొమ్మిది. పుస్తకంలో ఎనిమిదో అధ్యాయం ప్రకారం అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గెలిచినవాడికే రాష్ట్రం వాటా ఓట్లన్నీ పోతాయి. కాబట్టి ఇక రోజూ తీర్మానం అక్కర్లేకుండా, తెల్లారుజామునే మూడో జోను నీళ్ళు మొత్తం బజారు వీధికి పోయాయి. బజారు వీధి వాళ్ళు మొదటిరోజు బిందెలు నింపుకున్నారు, రెండోరోజు స్కూటర్లు కడుక్కున్నారు, మూడోరోజు ఏం చెయ్యాలో తోచక రోడ్డు కడిగారు.

"మరి రెండొందల తొమ్మిదిమందికీ దాహమెయ్యదేటి బాబూ?" అని అడిగాడు అప్పలసూరి.

"వేస్తుంది," అన్నారు విశ్వపతి గారు సానుభూతితో. "కానీ వాళ్ళు ఓడిపోయారు. నాలుగేళ్ళాగి మళ్ళీ పోటీ చెయ్యొచ్చు."

నాలుగోరోజు పొద్దున్న పోలమ్మ ఖాళీ బిందె అప్పలసూరి కాళ్ళ ముందు పెట్టింది. వెనక ఇంకో నలభైమంది.

"అన్నా, నీ అమెరికా పాడుగాను, మా ఇంట్లో బాలింత ఉంది. ఒక్క బిందె నీల్లు. ఒగ్గు."

అప్పలసూరి రాడ్డు పట్టుకుని నిలబడిపోయాడు. తిప్పితే ప్రాక్టికల్ పోతుంది. ప్రాక్టికల్ పోతే పేపరు పోతుంది, పేపరు పోతే ఎర్ర పుస్తకం పోతుంది, నరసాయమ్మ పింఛను పోతుంది. తిప్పకపోతే ఎదురుగా నలభై ఖాళీ బిందెలు. అతను చెట్టంత మనిషి అలాగే నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడే అతనికి ఏడో అధ్యాయం గుర్తొచ్చింది. చంకలో పుస్తకం తీసి, పేజీ వెతికి, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. పోలమ్మ మనవరాలి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపించి ఇలా రాశాడు: "కార్యనిర్వాహక ఉత్తర్వు నంబరు ఒకటి. ఉభయ సభలు తగువులాడుకొనుచుండగా వీధి ఎండిపోరాదు కనుక గొల్లవీధికి నీళ్ళు వదలడమైనది. ఇట్లు, సు. అప్పలసూరి." దాన్ని అన్నం మెతుకులతో గుంట మూతకి అంటించి, కుడికి పదకొండున్నర చుట్లు తిప్పాడు.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. సాయంత్రానికి విచారణ. విశ్వపతి గారు మూత మీంచి జాగ్రత్తగా ఒలిచిన కాగితాన్ని బల్ల మీద పెట్టి, "ఇది తిరుగుబాటు," అన్నారు. సాక్షిగా పిలిచిన పరిమళరావు ఆ కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు.

"కాదు సార్. ఇది ఏడవ అధ్యాయము, నూట పన్నెండవ పుట. అచ్చట అధ్యక్షుడు ఉభయ సభలతో నిమిత్తము లేకుండ ఇట్లే చేయును. నా విద్యార్థులలో సూత్రమును ఆచరించినవాడు ఇతడొక్కడే. ఇరవై ఐదుకు ఇరవై ఐదు!"

మార్కులతో పాటు ఉత్తర్వూ నిలిచింది, మర్నాటి నుంచి అన్ని వీధులకీ మళ్ళీ పాతవేళకే నీళ్ళు. ఆ రాత్రి నరసాయమ్మ గారెలు వండింది. "ఆ పొస్తకం నానూ అన్నాళ్ళూ ఊరికే ఇన్లేదు," అంది.

అక్టోబరులో రాతపరీక్ష జరిగింది. అప్పలసూరి స్కూలు బెంచీ మీద మూడు గంటలు తల ఎత్తలేదు. పద్నాలుగో ప్రశ్న: "ఎన్నికలలో గెలిచిన అధ్యక్షుడు వెంటనే పదవి చేపట్టక వేచియుండుటకు కారణమేమి?" దానికతను ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబు రాశాడు. "నవంబరు నందు గెలిచినను వెంటనే కుర్చీ ఎక్కరాదు. జనవరి ఇరవై మధ్యాహ్నం పన్నెండు గంటల దాకా ఆగవలెను. ఈ లోపల పాతవాడు సర్దుకొనును, కొత్తవాడు సిద్ధపడును. తొందరపడి కుర్చీ ఎక్కుట ప్రజాసేవకు చేటు." ఆ చివరి వాక్యం పుస్తకంలో లేదు. అందంగా ఉంటుందని తనే కలిపాడు.

నవంబరు మూడో వారంలో ఫలితాలొచ్చాయి. విశ్వపతి గారికి నలభై నాలుగు. సువ్వారి అప్పలసూరికి తొంభై ఒకటి, జిల్లాకే ఫస్టు! గొల్లవీధి ఆడవాళ్ళు బిందెల మీద దరువు వేశారు. నరసాయమ్మ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి బజారు దాకా నడిచి, తెల్లచొక్కా ఒకటి, సంతకానికి నీలం సిరా పెన్ను ఒకటి కొనుక్కొచ్చింది.

డిసెంబరు మొదటివారంలో పర్మినెంటు ఉత్తర్వు వచ్చింది. అప్పలసూరి తెల్లచొక్కా తొడుక్కుని, పెన్ను జేబులో పెట్టుకుని సూపరింటెండెంటు గారి బల్ల ముందు నిలబడ్డాడు. గాజుపలక కింద ఎర్ర పుస్తకం కనబడుతోంది.

"అభినందనలయ్యా," అన్నారు విశ్వపతి గారు లేచి నిలబడి. "కూర్చో. ఇక నువ్వు ప్రభుత్వోద్యోగివి. చార్జి తీసుకునే తేదీ కూడా వేశారు."

"ఇయ్యాలే తీసుకుంతాను బాబూ."

"ఇవాళ కాదు. జనవరి ఇరవై, మధ్యాహ్నం పన్నెండు."

"డిసెంబరాకరికి నాకు అరవై నిండిపోతాయి కదా బాబూ!"

"తెలుసు. నాకూ బాధగానే ఉంది. కానీ ఇది పై నుంచి వచ్చిన విధానం. ఈ ఏడు నుంచి కొత్త నియామకాలన్నీ ఇంతే. కావాలంటే జీవో చదువుతాను విను." విశ్వపతి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "'తొందరపడి కుర్చీ ఎక్కుట ప్రజాసేవకు చేటు అని జిల్లా ప్రథముడగు అభ్యర్థి తన జవాబు పత్రమునందు సెలవిచ్చియున్నాడు. సదరు అభిప్రాయముతో ప్రభుత్వము పూర్తిగా ఏకీభవించుచు...' నీ వాక్యమేనయ్యా! ఐదుకి ఐదు వేశారు దానికి."

"ఆ ముక్క నాను అందానికి రాసేను బాబూ," అన్నాడు అప్పలసూరి. "కొట్టీండి. మార్కులు తీసీండి. నలబై సాలు నాకు."

"వచ్చిన మార్కులు వెనక్కి తీసుకునే నిబంధన లేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు, ముహూర్తమే ఇవ్వలేదు. అప్పలసూరి కమిషనర్ గారి కాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ మంచి మనిషి, కళ్ళు తుడుచుకుని పైకి రాశారు. పై నుంచి "నవంబరుకూ జనవరికీ నడిమి కాలమున ఎట్టి నిర్ణయములును తీసుకొనరాదు, చూడుడు పదకొండవ అధ్యాయము" అని జవాబు వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే నరసాయమ్మ ఏడవలేదు. చేట ముందుకు లాక్కుని బియ్యంలో రాళ్ళేరింది. తర్వాత, "పద్నాలుగో ప్రశ్న నానే నీకు కంటతా పట్టించేను," అంది. అప్పుడు ఏడ్చింది.

డిసెంబరు ముప్పై ఒకటిన అప్పలసూరికి శాలువా కప్పారు. అతను రాడ్డు అప్పజెప్పి, వరండాలో మేకుకి వేలాడుతున్న నీలం మస్టరులో ఆఖరి సంతకం పెట్టాడు. రాడ్డుని విశ్వపతి గారు బీరువాలో పెట్టి తాళం వేశారు.

జనవరి ఒకటి నుంచి మూడో జోను వాల్వుల్ని తాత్కాలికంగా విశ్వపతి గారే తిప్పించారు. ఎనిమిది వాల్వులు తెరుచుకున్నాయి. గొల్లవీధి వాల్వుని నలుగురు మనుషులు కలిసి ఎడమకి తిప్పారు, బలం కొద్దీ తిప్పారు. అది ఇంకా బిగిసింది. విశ్వపతి గారు నూట పన్నెండో పుట, నూట పదమూడో పుట చూశారు. ఏ వైపు తిప్పాలో అందులో లేదు. అప్పలసూరిని అడుగుదామంటే పదవిలో లేని మనిషి ప్రభుత్వ వాల్వు ముట్టుకోకూడదు. మూడురోజులకోసారి ట్యాంకరు వచ్చేది, దాని దగ్గర జనం జుట్లు పట్టుకునేవారు.

జనవరి ఇరవైన పోలమ్మ వీధి వీధంతా వెంటేసుకుని, ఖాళీ బిందెలతో మున్సిపాలిటీ ముందు బైఠాయించింది. విశ్వపతి గారు ఫైలు తిరగేశారు. ఉత్తర్వులో తేదీ వచ్చేసింది కాబట్టి అప్పలసూరిని పిలవడానికి అడ్డు లేదు. వయసు దాటింది కాబట్టి చేర్చుకోవడానికి వీల్లేదు. జీపు పంపించారు.

అప్పలసూరి తెల్లచొక్కాతోనే వచ్చాడు. బీరువాలోంచి రాడ్డు తీయించుకుని గొల్లవీధికి నడిచాడు. మూత లేపి, రాడ్డు దించి, బిగిసిపోయిన వాల్వుని కాసేపు అటూ ఇటూ కదిపి వదులు చేసి, కుడికి తిప్పడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళందరూ పైకే లెక్కపెట్టారు. పదకొండు దాటి అరచుట్టు దగ్గర ఆపేశాడు. గొట్టం ఒకసారి దగ్గింది, ఎర్రనీళ్ళు కక్కింది, తర్వాత తేటగా పారింది. మసీదు పక్క గడియారం పన్నెండు కొట్టింది.

రాడ్డు తిరిగి ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్తే, విశ్వపతి గారు మర్యాదగా బల్ల దగ్గరికి పిలిచారు. "చేసిన పనికి రికార్డు ఉండాలి. ఒక్క సంతకం పెట్టు."

ఆయన ముందుకు జరిపింది ఎర్ర అట్ట పుస్తకమే. అప్పలసూరి జేబులోంచి నీలం సిరా పెన్ను తీశాడు. అట్ట మీద అక్షరాలు అప్పుడు కనిపించాయి: సందర్శకుల పుస్తకం.

"ఉద్యోగంలో లేనివాళ్ళు పెట్టగలిగింది ఇదొక్కటే మరి," అన్నారు విశ్వపతి గారు.

అప్పలసూరి పేరు రాశాడు, ఊరు రాశాడు, సంతకం పెట్టాడు. "వచ్చిన పని" అనే గడి దగ్గర కొంచెం ఆగి, "ప్రజాసేవ" అని రాశాడు.

విశ్వపతి గారు వంగి చూసి నొచ్చుకున్నారు. "ఆ మాట నువ్వు రాయకూడదయ్యా. అది సర్వీసులో ఉన్నవాళ్ళది. ఆడిట్‌లో అభ్యంతరం పెడతారు. కొట్టేసి ఇంకేదన్నా రాయి."

అప్పలసూరి ఆ మాటని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన "నీళ్ళు" అని రాసి, పెన్నుకి మూత పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.